యాకూబు పేరున్న పాట

మా బచ్చన్నపేటలో ఉపేందర్ పాట వినాలంటే మనిషి దగ్గరికి జరిగి కూర్చోవాలి. నాలుగు గజాల అవతల ఉంటే పెదవులు కదలడం కనబడేదే తప్ప ఒక్క మాటా చెవిన పడేది కాదు. నాకా పద్ధతి అస్సలు నచ్చేది కాదు. నేను దర్జీని, పేరు రాములు. పగలంతా కుట్టు మిషను చప్పుడు, పొద్దుగూకితే భజన మండలిలో హార్మోనియం. పాటంటే పక్కూరి దాకా పోవాలని నమ్మినవాణ్ణి. "పటేలా, పాడుతున్నవా, చెవుల ముచ్చట చెప్తున్నవా?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న చనువు అది. అతను నవ్వి ఊరుకునేవాడు. అతను పాడడం మానేసి ఇప్పటికి నాలుగేళ్లయింది. ఆ సంగతి చెప్పాలని కూర్చుంటే ఆ నవ్వే ముందుగా గుర్తొచ్చి నా మీద నాకే కోపం వస్తోంది.

ఎందుకంటే ఆ మెల్లని మనిషి కట్టిన ఒక పాటను ఊళ్లు దాటించి, చేరకూడని గడపకు చేర్చింది నేనే.

ఉపేందర్ మొదటి నుంచీ అంత మెల్లనివాడేం కాదు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలంతా రోడ్డెక్కినప్పుడు అతను జనగామ కాలేజీలో ఉన్నాడు. నేను గుండీలు, దారపు ఉండలు కొనడానికి జనగామ పోయి, స్టేషను ముందర ఎడ్లబండి మీద నిలబడి నినాదాలిస్తున్న అతన్ని చూశాను. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అతను ఒక మాటంటే రోడ్డు రెండు పక్కల నుంచీ జనం అందుకుంటున్నారు. ఆ గొంతు విని నాకు అసూయ పుట్టిందంటే నమ్మండి. అంతలో లాఠీలు లేచాయి. నేను గుండీల పొట్లం జారవిడిచి పరుగెత్తాను, అతను మాత్రం బండి దిగలేదు. వీపు మీద వాతలతో ఇంటికొచ్చాడు.

కాలేజీలు మూతపడి ఆ ఏడాది చదువు పోయింది. వాళ్ల బాపు జగపతిరెడ్డి కోపిష్టి. "సదువు లేదు, ఎవుసం లేదు, బజార్ల పడి ఒర్రుడేనా?" అని రోజూ దెప్పేవాడు. ఒకనాడు ఉపేందర్ ఎవరికీ చెప్పకుండా వరంగల్ పోయి మిలిట్రీలో చేరడానికి వరసలో నిలబడ్డాడు. అతని ముందు సన్నగా, పొడుగ్గా ఒక పిల్లగాడు నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్?" అని ఉపేందర్ అడిగాడట.

"ఏడాది ఖరాబైంది. నువ్వు?"

"నాది గూడ గంతే."

ఆ పిల్లగాడే యాకూబు. ఇద్దరినీ తీసుకున్నారు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం, అక్కడ చదువుతూ అతనూ ఆ ఏడాది పోగొట్టుకున్నాడు. ఊరు గార్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి హాజిరా బీ గాజులమ్మే మనిషి. గాజుల సరాలు గుత్తంగా కట్టిన మలారం నెత్తిన పెట్టుకుని పల్లెపల్లె తిరిగేది. అన్నారంలో యాకూబు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కి ఆ పేరు పెట్టింది. మా వైపు ఆ మొక్కుతో పుట్టిన యాకయ్యలు, యాకమ్మలు హిందువుల ఇళ్లలోనూ ఉంటారు.

ఆ ఇంటి సంగతులన్నీ ఉపేందర్‌కు కంఠతా వచ్చు. యాకూబు ఐదేళ్లప్పుడు ఆడుకుని పరుగెత్తుకొస్తూ గుమ్మంలో పెట్టిన మలారం మీద పడ్డాడు. గాజు పెంకు మోచేతిలో దిగి పెద్ద గాటు పడింది. అప్పటి నుంచి కొడుకు అడుగుల చప్పుడు వినబడగానే తల్లి లోపలి నుంచే కేకేసేది, "చూసుకొని రా బేటా, గాజులున్నయి" అని. మిలిట్రీ బ్యారక్‌లోకి ఎవరు వచ్చినా యాకూబు తల్లి గొంతు పెట్టి అదే మాట అనేవాడట. కొన్నాళ్లకు పంజాబీ హవల్దారు కూడా గుమ్మం దగ్గర ఆగి కిందికి చూసి అడుగుపెట్టడం నేర్చుకున్నాడట.

ఆ తల్లికి ఇంకో భయం కూడా ఉండేది. ఆమె తమ్ముడు గార్ల చెరువులో మునిగి పోయాడు. అందుకని కొడుకును ఆ చెరువు గట్టెక్కనిచ్చేది కాదు. అలా యాకూబుకు ఈత రాలేదు.

ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఎవరికి ముందు సెలవు దొరికితే వాళ్లు రెండోవాడి ఇంటికి పోయి, అక్కడ అన్నం తిని, వాడి క్షేమం చెప్పి రావాలి. యాకూబుకు రాగం రాదు, మాటలు మాత్రం ఊరేవి. ఏదో ఒక మాటనేవాడు. ఉపేందర్ దాన్ని సన్నగా రాగం తీసేవాడు.

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధమొచ్చింది. తూర్పు బెంగాలులో ఒక నది. మా గోదావరి లాగే అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పట. మధ్యాహ్నం పూట నాటుపడవల్లో దాటుతున్నారు. పడవలో ఉండాల్సిన వాళ్లకంటే ఎక్కువమంది ఉన్నారు. "జొన్నలు కోసే యాళ్లకు ఇంటికి పోదాం రా" అని యాకూబు అన్నాడట. అవతలి నుంచి గుండ్లు పడ్డాయి. పడవ తిరగబడింది. ఆ మోతకు ఉపేందర్ కుడి చెవి పోయింది. పడవ నడిపే బెంగాలీ ముసలాయన అతన్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగాడు. యాకూబు దొరకలేదు.

గార్లకు పోయిన ఉత్తరంలో 'జాడ తెలియలేదు' అని మాత్రమే ఉంది. శవం దొరకనప్పుడు సర్కారు అలాగే రాస్తుందేమో. కానీ ఆ తల్లికి ఆ మాట ఎలా వినబడుతుంది? జాడ తెలియకపోతే తెలిసేదాకా చూడాలి, అంతే కదా. ఆమె చూస్తూ కూర్చుంది.

యుద్ధం ముగిశాక ఉపేందర్ దళం ఆ నది ఒడ్డునే రెండు నెలలు ఉంది. ఆ పడవ ముసలాయన దగ్గర దోతార అనే చిన్న వాయిద్యం ఉండేది. పనసకర్ర బుర్ర, మీద తోలు, సన్నని తీగలు. పెద్ద చప్పుడు వింటే వణికిపోయే ఉపేందర్‌కు దాని మెల్లని నాదం ఒక్కటే నిమ్మళంగా ఉండేదట. వచ్చేటప్పుడు ఆయన దాన్ని ఇతని చేతిలో పెట్టి పంపాడు.

డెబ్బై రెండులో మొదటి సెలవు. కలకత్తా నుంచి వచ్చేవాడు డోర్నకల్ దాటాక గార్ల మీదుగానే జనగామ రావాలి. ప్యాసింజరు గార్లలో ఆగుతుంది. ఉపేందర్ దిగాడు. దారి అడక్కుండానే ఆ సందులోకి, ఆ ఇంటి ముందుకు పోయాడు. కాళ్లకు మిలిట్రీ బూట్లు. తలుపు తీసే ఉంది. గుమ్మం ముందు అడుగు పడగానే లోపలి నుంచి కేక వినబడింది.

"చూసుకొని రా బేటా, గాజులున్నయి!"

ఉపేందర్ వెనక్కి తిరిగి స్టేషను దాకా పరుగెత్తాడు.

మరుసటి ఏడాది చెవి పనికిరాదని మిలిట్రీ నుంచి పంపించేశారు. మళ్లీ గార్లలో దిగి, ఈసారి ప్లాట్‌ఫారం దాటలేక బల్ల మీదే కూర్చుని, తర్వాతి బండెక్కి వచ్చేశాడు. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. అప్పటికే తెలిసి ఉంటే నేను చేసిన పని చేసేవాణ్ణి కాదు.

ఊరికొచ్చిన ఉపేందర్ వాళ్ల పత్తి చేను పక్క మోటబావి దగ్గర కూర్చుని దోతార మీటుకునేవాడు. డప్పు వినబడితే దూరంగా పోయేవాడు. పెళ్లి ఊరేగింపు వస్తే ఇంట్లో దూరి తలుపేసుకునేవాడు. "పటేలు కొడుకువై ఉండి అడుక్కునేటోని లెక్క తంబుర పట్టుకుంటవా?" అని వాళ్ల బాపు తిట్టేవాడు. సంబంధాలు రెండు మూడు వచ్చి, అబ్బాయికి మనసు నిలకడ లేదని పోయాయి. కానీ అతను పాడుతుంటే చేలో పని చేసుకునే ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి దగ్గరగా కూర్చునేవారు. మొగుడు పోయిన రామి అయితే రోజూ వచ్చేది. పాట అయిపోయాక కళ్లు తుడుచుకుని మళ్లీ కలుపుకు పోయేది. నా హార్మోనియానికి ఎవరూ ఏడవలేదు మరి.

డెబ్బై నాలుగులో ఒక సాయంత్రం అతను ఆ పాట పాడాడు. నేను మొదటిసారి ఎగతాళి మరిచిపోయి దగ్గరికి జరిగాను.

"గాజుల మలారమెత్తి గడప గడపా తిరిగేటమ్మా
గాజు గుచ్చిన మోచేయి గాయం మానిందే అమ్మా
జొన్న కంకి కోసేనాటికి జోళ్లిడిసి వస్తనమ్మా..."

అక్కడితో ఆగిపోయాడు.

"నాలుగో చరణమేది?" అన్నాను.

"లేదు."

మా మండలిలో ఒక కట్టుబాటు ఉంది. పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు వేయాలి. ఆ పేరు వచ్చినప్పుడు పాడేవాళ్లు తాళం ఆపి ఒక్కసారి దండం పెడతారు. అందుకే మా దిక్కున ఆఖరి చరణంలో ఎవరి పేరు వినబడితే వాళ్లే ఆ పాట కట్టారని చిన్నపిల్లలు కూడా నమ్ముతారు. పేరు లేని పాటను మేం పాడం. నేను ఆ మాటే చెప్పి పట్టుబట్టాను. "నీ పేరెయ్యి పటేలా. గింత మంచి పాటను దిక్కు లేకుండ ఇడుస్తవా?"

"నాది కాదు రాములు. మాటలు నా దోస్తువి."

"అయితే దోస్తు పేరెయ్యి."

అతను దోతార తీగలు ఒక్కొక్కటే బిగించాడు. తర్వాత మెల్లగా పాడాడు.

"యాకూబు చెప్పిన మాటిది ఎరుకుంచుకోవే అమ్మా."

యాకూబు ఎవరు, ఎక్కడున్నాడు అని నేను అడగలేదు. నాకు కావలసింది పాట. దొరికింది. నా బుద్ధికి అంతకు మించి అందలేదు.

మరుసటి శివరాత్రికి మా మండలి కాళేశ్వరం పోయింది. గోదావరి ఒడ్డున జాతర నిండా జనం. ఉపేందర్ రానన్నాడు. నేను మాత్రం హార్మోనియం గాలితిత్తి చిరిగేలా వాయించి, ఆ పాటను గొంతెత్తి పాడాను. మూడోసారి పాడేసరికి ఎదురుగా ఉన్న ఆడవాళ్లు నాతో కలిసి పాడుతున్నారు. ఆ జాతర నుంచి పాట భూపాలపల్లి అడవి పల్లెలకు, మానుకోట మిరప చేలకు పోయింది. నాట్లేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, మిరపకాయలేరేవాళ్లు పాడుకున్నారు. నేను ఛాతీ విరుచుకుని తిరిగొచ్చి ఉపేందర్‌కు చెప్పాను.

అతని మొహంలో రంగు మారిపోయింది. "గార్ల దాక పోతదా?" అన్నాడు.

"గార్లేంది పటేలా, గోదావరి దాటింది!"

అతను లేచి బావి అవతలికి పోయాడు. రెండు రోజులు పాడలేదు. వీనికి మెప్పు గిట్టదేమిటి అని విసుక్కున్నాను.

డెబ్బై ఆరు ఎండాకాలం. మధ్యాహ్నం మిషను తొక్కుతుంటే కొట్టు ముందు ఒక ముసలామె వచ్చి నిలబడింది. నెత్తి మీద మలారం. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. మంచినీళ్లడిగింది. చెంబెడు తాగి, ఊపిరి తీసుకుని, "బేటా, గాజుల పాట పాడే మండలి ఈ ఊరిదేనా?" అంది.

"మాదే అవ్వా. పాడేది నేనే" అన్నాను గర్వంగా.

ఆమె మలారం దించి గడప మీద కూర్చుంది. ఆ తర్వాత చెప్పింది. తన పేరు హాజిరా బీ. మానుకోట దగ్గర ఒక పల్లెలో పెళ్లికూతురికి గాజులేస్తుంటే పక్కన పిల్లలు ఈ పాట పాడారు. మోచేయి, మలారం, చివర యాకూబు పేరు. ముప్పై ఏళ్లలో ఆమె చేతిలో గాజు చిట్లడం అదే మొదలు. ఎక్కడ నేర్చుకున్నారంటే కాళేశ్వరం జాతర అన్నారు. ఆమె మలారమెత్తుకుని కాళేశ్వరం పోయింది. గాజులమ్ముకుంటూ, పాట కట్టిన యాకూబు ఎక్కడని అడుక్కుంటూ తిరిగింది. చివరికి ఒక కొబ్బరికాయల దుకాణం మనిషి మా ఊరి పేరు చెప్పాడు. నాలుగు నెలలు పట్టిందట.

"వాడు నా కొడుకు బేటా. సర్కారోళ్లు జాడ తెల్వదన్నరు. పాట కట్టిండంటే యాడనో ఉన్నట్టే గద. జొన్నలు కోసెటప్పుడు వస్తనన్నడు. కోతలైపోయినయి. రాలె. నేనే వచ్చిన."

అప్పుడు నేనేం చేయాలి? ఒక్క క్షణం ఆలోచించాలి. నేనా పని ఎన్నడు చేశాను గనుక! సంబరంగా మిషను మీద నుంచి దూకాను.

"దొరికిండనుకో అవ్వా! వాని దోస్తు ఈ ఊర్లనే ఉన్నడు. యాడున్నడో ఆయనకెరుకే ఉంటది. పా!"

ఆమె మొహం వెలిగింది. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోలేను. మలారం నేనెత్తుకుంటానన్నా ఇవ్వలేదు. చేను గట్ల మీద నా కంటే ముందు నడిచింది. దారిపొడుగునా, వాడు బక్కగైండా, లావైండా అని అడుగుతూనే ఉంది.

ఉపేందర్ బావి దగ్గర తీగలు తుడుస్తున్నాడు. తలెత్తి మలారాన్ని చూశాడు. నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది. దోతార పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"అమ్మా" అన్నాడు.

"యాడున్నడు బేటా?"

అతను ఆమె నెత్తి మీది మలారాన్ని రెండు చేతులతో దించి కింద పెట్టాడు. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఐదేళ్లుగా గొంతులో పెట్టుకున్నది మెల్లగా, అతని పద్ధతిలోనే చెప్పాడు. ఆమె వినడానికి వంగవలసి వచ్చింది.

"యాకూబు లేడమ్మా. పడవ మునిగింది. వాడు నా కాలరు పట్టుకుండు. ఇద్దరం మునుగుతున్నం. నేను వాని చేతులిడిపించిన. ఒక్కొక్క ఏలు ఇడిపించినమ్మా. మళ్ల తేలలె."

ఆమె ఏడవలేదు. బావిలోకి చూసింది. చేలో ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు.

"ఓపాలి బూట్ల సప్పుడైంది మా గుమ్మం కాడ" అంది. "కేకేసి బయటికొచ్చిన. ఎవ్వలు లేరు. పిచ్చి లేసిందన్నరు అందరు. నువ్వేనా?"

"నేనే అమ్మా."

"అప్పుడే చెప్పకపోతివి బేటా. నాలుగేండ్లు తలుపుకు గొళ్లెం పెట్టలె."

అప్పుడు ఉపేందర్ ఏడ్చాడు. పెద్ద మనిషి అంత చప్పుడు లేకుండా ఏడవడం నేనెక్కడా చూడలేదు. ఇడిపించుకోకపోతే ఇద్దరూ పోయేవాళ్లని నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇంటెనక గంత చెరువు పెట్టుకొని వానికి ఈత నేర్వనియ్యలె" అంది, మాలో ఎవరితోనూ కాదన్నట్టు. "తమ్ముడు పోయిండని భయపడ్డ. నీళ్లే ముట్టనియ్యలె."

తర్వాత ఆ పాట పాడమంది. అతను పాడలేనన్నాడు. పాడవలసిందేనంది. ఆమె చెవి దగ్గర అతను నాలుగు చరణాలూ పాడాడు. అయిపోయాక, "పేరు తీసేస్తనమ్మా" అన్నాడు.

"పేరెందుకు తీస్తవ్? గది నేను పెట్టిన పేరు. ఉండనియ్యి. వస్తనన్న మాట తియ్యి." ఆమె దుమ్ము పట్టిన తన కాళ్లు చూపించింది. "గా ఒక్క మాట పట్టుకొని నాలుగు నెలలు తిరిగిన. ఇంకెవ్వలి కొడుకో గిట్లనే పోయుంటడు. గామె గూడ తిరుగుతది."

ఉపేందర్ అక్కడే ఆ చరణం మార్చాడు. 'జొన్న కంకి కోసుకోవే, నా తొవ్వ సూడకమ్మా.' ఆమె విని తలూపి, మలారమెత్తుకుంది. అన్నం తినమన్నా తినలేదు. జనగామ దాకా ఇద్దరం వెంట పోయి రైలెక్కించాం.

చరణం మార్చడం ఒక్క నిమిషం పని. పల్లెపల్లెకూ పోయిన పాటను మార్చడం ఎవరి తరం? ఉపేందర్ ఆ పని నెత్తికెత్తుకున్నాడు. దోతార భుజానికి తగిలించుకుని మానుకోట నుంచి భూపాలపల్లి దాకా, అక్కడి నుంచి కాళేశ్వరం దాకా చేలవెంట తిరిగాడు. ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దులు విప్పుకునే వేళకు గట్టు మీద కూర్చుని కొత్త చరణం పాడేవాడు. "ఇగ నుంచి గిట్ల పాడుండ్రి అక్కా" అని బతిమాలేవాడు. వాళ్లు వినేవారు, మంచిగుందనేవారు, అతను గట్టు దిగకముందే మళ్లీ పాతదే ఎత్తుకునేవారు. కొడుకు వస్తానన్న చరణాన్ని వదులుకోవడం ఎవరికీ చేతకాలేదు.

నేనూ ఊరుకోలేదు. ప్రతి జాతరలో కొత్త చరణమే గొంతు చించుకుని పాడాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వి, "మర్చిపోయినవా రాములన్నా?" అని పాత చరణం అందించేవారు. ఒకసారి పట్టలేని కోపంతో హార్మోనియం మూసి లేచి వచ్చేశాను. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాను, నన్నే.

ఏటా జొన్న కోతలప్పుడు ఉపేందర్ గార్ల పోయేవాడు. పది పదిహేను రోజులుండి, ఆమె మలారం తన నెత్తిన పెట్టుకుని వెంట తిరిగేవాడు. పటేలు కొడుకు గాజుల మలారం మోస్తున్నాడని తెలిసి జగపతిరెడ్డి ఒక ఏడాది అతన్ని ఇంట్లోకి రానివ్వలేదు. అతను నా కొట్లో పడుకున్నాడు. హాజిరా బీ అతనికి వండిపెట్టేది, చొక్కా చిరిగితే కుట్టేది. ఒక్కటి మాత్రం చేయలేదు. అతను గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు ఏ ఒక్కనాడూ లోపలి నుంచి ఆ కేక వేయలేదు. అతను బూట్లు మానేసి వట్టికాళ్లతోనే పోయేవాడు. "అది నాది కాదు రాములు, అడగరాదు" అన్నాడు నాతో ఒకసారి.

ఎనభై నాలుగు జొన్న కోతలకు ముందే గార్ల నుంచి కార్డు వచ్చింది. పక్కింటి నఫీసా బేగం రాయించింది. హాజిరా బీకి బాగా లేదు, దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు అని. ఇద్దరం ఆ పొద్దుటి బండికే పోయాం.

ఆమె మంచంలో ఇంతే అయిపోయి ఉంది. చూపు ఆనడం లేదు. మలారం మూలన ఉంది. నఫీసా బేగం ఆమె నోట్లో నీళ్లు పోస్తోంది. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఉపేందర్ మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పాడు బేటా" అంది.

అతను దోతార మీటి పాడాడు, కొత్త చరణంతో. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది కాదు. పాతది. వస్తనన్నది."

ఉపేందర్ నా వైపు చూశాడు. ఎనిమిదేళ్లుగా ఆ చరణాన్ని నాలుక మీదికి రానివ్వలేదు అతను. ఊరూరా చేతులు జోడించి తుడిపేయబోయిన చరణం. పాడొద్దని ఆమే చెప్పింది, ఇప్పుడు ఆమే అడుగుతోంది. పాడమన్నట్టు తలూపాను.

అతను దోతార కింద పెట్టి, ఆమె చెవికి నోరు ఆనించి పాడాడు. నేను నాలుగు గజాల దూరంలో ఉన్నాను. పెదవులు కదలడం కనబడిందే తప్ప ఒక్క మాటా వినబడలేదు. దగ్గరికి జరగాలని కూడా అనిపించలేదు. ఆ పాట నేను వినవలసినది కాదు.

అతని పెదవులు ఆగాయి. ఆమె తల గుమ్మం వైపు తిప్పింది. అంతసేపూ గొంతు పెగలని మనిషి, సందు చివరిదాకా వినబడేంత గట్టిగా కేకేసింది.

"చూసుకొని రా బేటా, గాజులున్నయి!"